ఇంట్లో పులియబెట్టిన అల్లం సోడా: గాజు సీసాలో నింపాలా, ప్లాస్టిక్ సీసాలోనా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
అందరికీ నమస్కారం. మా బావ డాలస్‌లో ఉంటాడు, ఇంట్లోనే బీరు చేసి సీసాల్లో నింపడం అతని సరదా. అమెరికాలో 1978లో చట్టం మార్చి సొంత వాడకానికి చేసుకోనిచ్చారట. ఇక్కడ 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా చేయకూడదు కాబట్టి, నేను అల్లం సోడాతో మొదలుపెట్టాను. అల్లం, లీటరుకు 80 గ్రాముల పంచదార, కాచి చల్లార్చిన నీళ్లు. మూడో రోజుకే నురగ వచ్చింది. పాత బీరు సీసాలు, మూతలు బిగించే మిషను తెచ్చుకున్నాను. బావ గాజే మంచిదంటాడు, అమ్మ గాజు వద్దంటుంది. మీరేమంటారు?

బొబ్బిలి కోట:
గాజే. మెల్‌బోర్న్‌లో ఉన్న నాలుగేళ్లూ ఇంట్లో బీరు చేశాను, ఒక్క సీసా పగల్లేదు. నింపే ముందు లీటరుకు 6, 7 గ్రాముల పంచదార తూచి వేస్తే సరిపడా గ్యాస్ వస్తుంది. ప్లాస్టిక్‌లోంచి మెల్లగా గాలి లోపలికి పోయి రుచి చెడుతుంది. మన గోలీ సోడా తాతల కాలం నుంచి గాజులోనే వస్తోంది కదా!

చీపురుపల్లి రోడ్డు (విజయనగరం):
బొబ్బిలి అన్నా, మీ లెక్క బీరుకు సరిగ్గా సరిపోతుంది. బీరులో పులియాల్సిందంతా ముందే పులిసిపోతుంది. సీసాలో ఈస్ట్‌కి (పంచదార తిని గ్యాస్ పుట్టించే సూక్ష్మజీవి) దొరికేది మీరు తూచి వేసిన ఆ 6 గ్రాములే. అది అయిపోతే గ్యాస్ పుట్టడం ఆగిపోతుంది. అల్లం సోడాలో తీపి మిగిలి ఉండగానే మూత బిగిస్తాం. అంటే సీసాలో ఇంకా పదింతల పంచదార ఉన్నట్టే. దాన్ని ఆపేది ఫ్రిజ్ ఒక్కటే, అదీ ఈస్ట్‌ని చంపదు, నెమ్మది చేస్తుందంతే.

గోలీ సోడాలో ఈస్ట్ ఉండదు. మిషనుతో ఎంత గ్యాస్ ఎక్కిస్తే అంతే, తర్వాత పెరగదు. మన కల్లు లొట్టి చూడండి, దానికి ఎవరైనా మూత బిగిస్తారా?

రెండేళ్ల కిందట మే నెలలో నేనూ ఆరు గాజు సీసాలు నింపి ఫ్రిజ్‌లో పెట్టాను. మధ్యాహ్నం పోయిన కరెంటు రాత్రి దాకా రాలేదు. మా అమ్మాయి పెరుగు తీసుకుని ఫ్రిజ్ తలుపు వేసిన రెండు నిమిషాలకు లోపల ఒక సీసా పేలింది. పెరుగు గిన్నె నిండా గాజు పెంకులు. ఆ రెండు నిమిషాలు తల్చుకుంటే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి. అమ్మగారి మాట వినండి.

కూల్‌డ్రింక్ వచ్చిన ప్లాస్టిక్ సీసాలు వాడండి. మంచినీళ్ల సీసాలు పల్చగా ఉంటాయి, పనికిరావు. పైన రెండు వేళ్ల ఖాళీ వదలండి. పూటకోసారి వేలితో నొక్కి చూడండి, గట్టిపడగానే ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు తాగేయండి. వారంలో ప్లాస్టిక్ వల్ల రుచి చెడదు. గాజు లోపలి ఒత్తిడి వేలికి తెలియదు. పైగా ఆ పాత బీరు సీసాలు ఎన్నిసార్లు తిరిగొచ్చాయో, అంచున ఎన్ని గీతలున్నాయో!

కళింగపట్నం లైట్‌హౌస్:
పిల్లలకు ఇవ్వొచ్చా?

చీపురుపల్లి రోడ్డు:
నేను ఇవ్వను. పులిసినకొద్దీ ఆల్కహాల్ పెరుగుతుంది. గర్భిణులకూ వద్దు.

బొబ్బిలి కోట:
తీపి మిగిలే సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ గాజును పూర్తిగా కొట్టేయకండి. హైడ్రోమీటర్ (పంచదార ఇంకా పులుస్తోందో లేదో తెలిపే, ద్రవంలో తేలే గాజు గొట్టం) రీడింగ్ మూడు రోజులు మారకుండా ఉన్నాక, తూచిన పంచదారతో నింపితే భయం ఉండదు.

చీపురుపల్లి రోడ్డు:
భయం ఉండదు, నిజమే. కానీ అన్నా, 80 గ్రాములూ పులిస్తే తీపి పోయి దాదాపు బీరంత ఆల్కహాల్ వస్తుంది. ఏ చట్టానికి జడిసి తను అల్లం సోడాకి వచ్చాడో మళ్లీ అక్కడికే పోతాడు.

నాగావళి గట్టు:
నిన్న సాయంత్రం నాలుగు ప్లాస్టిక్ సీసాలు నింపాను. బయట 38 డిగ్రీలు. ఈరోజు మధ్యాహ్నానికే రాయిలా గట్టిపడ్డాయి, ఇరవై గంటలు కూడా కాలేదు! నాలుగూ ఫ్రిజ్‌లో పెట్టేశాను. బావ రెండు రోజులు బయట ఉంచమన్నాడు, అది డాలస్‌లో ఏసీ గది లెక్క. మూతల మిషను అటక మీద పెట్టాను.