అవెస్తాలో ‘ఐర్య’ అంటే ఎవరు?

ప్రశ్న:
సెలవు చీటీని ‘ఆర్యా’ అని మొదలుపెట్టడం బళ్లో నేర్చుకున్నాం. మనకది మర్యాద మాట. జరతుష్ట్ర మతస్థుల పవిత్ర గ్రంథం అవెస్తాలో ‘ఐర్య’ అని ఉందట. అక్కడా ‘పూజ్యుడు’ అనేనా, జాతి పేరా?

జవాబు:
మాట ఒకటేనండి. ‘ర్య’లోని ఇకారపు ఛాయ ముందు అచ్చులోకి పాకి ‘ఐర్య’ అయింది. అర్థమే వేరు. అవెస్తాలో అది ఒక జనం తమకు తాము పెట్టుకున్న పేరు, వాళ్ల నేల పేరు. అవెస్తాలో ఒక భాగమైన వందిదాద్ మొదటి అధ్యాయంలో, ఆ మతపు పరమదైవం అహుర మజ్దా సృష్టించిన 16 ప్రదేశాల్లో మొదటిది ‘ఐర్యన వైజ’. పది నెలలు చలికాలం, రెండే నెలలు వేసవి అట! జమ్యాద్ యష్ట్‌లో (యష్ట్ అంటే అవెస్తాలోని స్తోత్రం) ‘ఐర్యుల తేజస్సు’ను కాజేయాలని శత్రుదేశమైన తూరాన్ రాజు ఫ్రంగ్రస్యన్ మూడుసార్లు సముద్రంలో దూకుతాడు, మూడుసార్లూ అది చేజారిపోతుంది. ‘ఇరాన్’ పేరూ ఈ మాట నుంచే వచ్చింది, మన ‘ఆర్యాణామ్’ లాంటి షష్ఠీ బహువచన రూపం నుంచి.

మరో సభ్యురాలు:
అంటే ఆ మతం ఐర్యులకే అన్నమాట?

జవాబు:
కాదమ్మా, నాకు బాగా నచ్చిన చోటు అదే. ఫర్వర్దిన్ యష్ట్ 143వ చరణం చూడండి: ‘ఐర్యనాం దఖ్యునాం నరాం అషఓనాం ఫ్రవషయో యజమైదే’. ఐర్య దేశాల్లోని ధర్మపరులైన పురుషుల ఆత్మలను పూజిస్తున్నాం అని. వెంటనే స్త్రీలనూ అలాగే తలుస్తారు. ఆ వెనకే అదే వాక్యం తూర్యుల, అంటే తూరాన్ వాళ్ల, దేశాలకు! యష్టుల్లో ఐర్యులకు బద్ధశత్రువులు వాళ్లే. అయినా ‘అష’, అంటే మన ‘ఋతం’, పాటించినవాళ్లు ఉంటే వాళ్లకూ పూజే. అవెస్తాలో జరతుష్ట్రుడివిగా చెప్పే గీతాలు, గాథల్లోనైతే ‘ఐర్య’ మాటే లేదు. అక్కడ మనుషులు అష వైపా, ‘ద్రుజ్’ వైపా అన్నదే లెక్క. ‘ద్రుజ్’ అంటే అబద్ధం, మన ‘ద్రోహం’కి చుట్టం. తూరానీయుడైన ఫ్ర్యానుడి సంతతిని గాథలు మెచ్చుకుంటాయి కూడా.

పుట్టుక అర్థం అసలు లేదని మాత్రం అనను. ఇరాన్‌లోని నక్ష్-ఎ-రుస్తం శాసనంలో పారశీక చక్రవర్తి దారయవహుష్ (డేరియస్) తనను ‘ఆర్యుణ్ణి, ఆర్య సంతతివాణ్ణి’ అని చెప్పుకున్నాడు. కానీ అది రాజు మాట, అవెస్తా వాక్యం కాదు.

మొదటి సభ్యుడు:
‘యజమైదే’ మన ‘యజామహే’ కదండీ!

జవాబు:
అదే! పక్కనున్న ‘దఖ్యు’నూ చూడండి. మన ‘దస్యు’కి తోబుట్టువది. ఋగ్వేదంలో దస్యు శత్రువు, ఇక్కడ దఖ్యు అంటే దేశం.