సెకండ్ హ్యాండ్ కార్‌లో నొక్కు ఎక్కడ?

బెంగళూరు మారతహళ్లిలో మా ఆఫీసువాళ్లు స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు పెట్టారండి. 'ద కార్ ఈజ్ సెకండ్ హ్యాండ్' అంటే హ్యాండ్‌ని నొక్కి పలకమంటారు మా టీచర్ మేడమ్, 'ఎ సెకండ్ హ్యాండ్ కార్' అంటే మాత్రం 'సె' ని నొక్కమంటారు. ఒకటే మాట కదా, ఏది రైటు?

— రెండూ రైటేనండి. వాక్యం చివర వస్తే నొక్కు (స్ట్రెస్) హ్యాండ్ మీదే. వెనకాల కార్ వచ్చిందంటే అసలు నొక్కు అది లాగేసుకుంటుంది, హ్యాండ్, కార్ పక్కపక్కనే రెండూ గట్టిగా అనడం వాళ్ల నోటికి పడదు, అందుకని హ్యాండ్ మీదున్నది వెనక్కి జరిగి 'సె' మీదకొస్తుంది. విడిగా థర్టీన్ అంటే 'టీన్' మీద, థర్టీన్ మెన్ అంటే 'థర్' మీద, అదీ ఇదే లెక్క. మనకి నొక్కు మారితే మాట మారడం లేదు కాబట్టి చెవికి ఆనదు.

అన్నీ ఇలా జరగవు మళ్లీ. హార్ట్‌బ్రేకింగ్, టైమ్ కన్స్యూమింగ్ లాంటివాటిలో మొదటి ముక్క వ్యాకరణంలో కర్మ (ఆబ్జెక్ట్), బద్దలయ్యేది హార్టు, ఖర్చయ్యేది టైము, అక్కడ నొక్కు ఎప్పుడూ మొదటిదాని మీదే, కదలదు. బ్లూ ఐడ్ వేరు. కళ్లున్న అనే అర్థంలో 'ఐడ్' అని విడిగా మాట లేదు, బ్లూ ఐ రెండూ కలిపాక చివర ఆ 'డ్' తగిలించారు, అంటే మన నీలాక్షి, నీలి కళ్లు గలది, పక్కా బహువ్రీహి సమాసం. విడిగా అంటే నొక్కు 'ఐ' మీద, బ్లూ ఐడ్ బాయ్ అంటే బ్లూ మీదకి.

— బహువ్రీహి అన్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. వేదభాషలో దానికి ఉదాత్తం, అంటే ఎత్తి పలికే స్వరం, పూర్వపదం (మొదటి మాట) మీద, పాణిని 6.2.1 సూత్రం అదే. తత్పురుష సమాసానికి మామూలుగా చివర. దేవశిల్పి త్వష్ట ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని హోమం చేస్తూ 'ఇంద్రశత్రుః' అన్నాడు, ఉదాత్తం చివర పెట్టాల్సింది ముందు పెట్టేశాడు, ఇంద్రుడే చంపేవాడుగా గలవాడు అని అర్థం తిరగబడింది, అలా పుట్టిన కొడుకు వృత్రుడు కాస్తా ఇంద్రుడి చేతిలో పోయాడు. కాకపోతే అది స్వరం ఎత్తడం, ఇంగ్లిష్ నొక్కు లాంటిది కాదు.

— భలే. ఇంగ్లిష్‌లోనూ ఉందండి అలాంటిది. ఇంగ్లిష్ టీచర్ అనేటప్పుడు ఇంగ్లిష్‌ని నొక్కితే ఇంగ్లిష్ చెప్పే టీచర్, టీచర్‌ని నొక్కితే ఇంగ్లండ్ మనిషి.

— మా మేడమ్‌ది కర్ణాటకలోని హాసన్ అండి, అయితే ముందుదే నొక్కుతా 😀