వెనుక టైరుకు చోటు చాలడం లేదు: షాక్‌లు మార్చాలా, రిమ్మా?

ప్రశ్న (గుణుపురం):
బండికి వెనుక 110/90-18 (వెడల్పు 110 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 90 శాతం, రిమ్ము 18 అంగుళాలు) తీసి 120/90-18 టైరు వేయించాను. ఇప్పుడు చైన్ వైపు, వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్‌ఆర్మ్‌కూ టైరుకూ మధ్య వేలు కూడా దూరడం లేదు. పర్లాకిమిడి వైపు వెళ్తే ఎర్రమట్టి అక్కడే పేరుకొని చక్రాన్ని పట్టేస్తోంది. పొడవైన షాక్ అబ్జార్బర్లు వేస్తే సరిపోతుందా?

జవాబు (రాయగడ):
సరిపోదండీ. పొడవైన షాక్‌లు బండి వెనుక భాగాన్ని పైకి లేపుతాయి గాని పక్కల చోటును ఏమాత్రం పెంచవు. పైగా చైన్ బిగుతు, సైడ్ స్టాండ్ వాలు, హ్యాండిల్ తిరిగే తీరు మారిపోతాయి. టైరు వెడల్పు ఒక్కో వైపు 5 మి.మీ. పెరగడమే కాక, గోడ ఎత్తు 99 నుంచి 108 మి.మీ.కు పెరిగింది కనుక మడ్‌గార్డు కింద కూడా 9 మి.మీ. పోయినట్టే. షాక్‌ల స్ప్రింగులు తీయించి, చక్రాన్ని పూర్తిగా పైకెత్తి తిప్పితే ఎక్కడ తగులుతుందో కనబడుతుంది.

జవాబు (జయపురం):
స్పోకుల చక్రమైతే స్పోకులు సర్ది రిమ్మును రెండు మూడు మిల్లీమీటర్లు చైన్‌కు అవతలి వైపు జరపవచ్చు. అయితే ముందు చక్రంతో వరస తప్పకుండా దారం పట్టి చూసుకోవాలి. స్వింగ్‌ఆర్మ్‌ను గ్రైండర్‌తో కోద్దామనే మెకానిక్ దగ్గరికి మాత్రం వెళ్లకండి. మన ఘాట్ రోడ్లకు నేనైతే పాత కొలతలోనే లోతైన గళ్లున్న టైరు వేయిస్తాను.