చేతిలో డబ్బుండగా చేబదులు ఎందుకు? ఆపిల్ బ్యాలెన్స్ షీట్ మీద చర్చ

పాలకొల్లు కుర్రాడు:
మాదీ హార్డ్‌వేర్ కొట్టే, కాకపోతే మేకులూ మడతబందులూ రేకులూ అమ్మేది. నేను యాప్‌లో ఆపిల్ షేర్లు కొన్ని కొన్నాను. 2024 సెప్టెంబరు 28 నాటి బ్యాలెన్స్ షీట్ నాన్నగారికి చూపించాను. ఏడాదిలోపు తీర్చాల్సినవి 17,639 కోట్ల డాలర్లు, ఏడాదిలోపు చేతికొచ్చేవి 15,299 కోట్లే. తీర్చాల్సిన వాటిలో కమర్షియల్ పేపర్, అంటే కొద్ది నెలలకి రాసిచ్చే అప్పు పత్రాలు, 997 కోట్లు; టర్మ్ డెట్, అంటే బాండ్ల అప్పు, 1,091 కోట్లు. ముందు ఏడాది కమర్షియల్ పేపర్ 599 కోట్లే ఉండేది. "మన కొట్టు లెక్క ఇలా ఉంటే బ్యాంకు మేనేజరు తెల్లారేసరికి గుమ్మంలో ఉంటాడు, అమ్మెయ్యరా" అన్నారు. అమ్మెయ్యాలా?

గూడెం మిల్లు:
నాన్నగారి మాట కొట్టిపారెయ్యకండి. మాకు రైస్ మిల్లుంది. బ్యాంకు సీసీ లిమిట్ (క్యాష్ క్రెడిట్, అంటే ఇంతవరకూ వాడుకోమని ఇచ్చే అప్పు) ఇచ్చేది ఏడాదికే. సార్వా ధాన్యం కొనేటప్పుడు వాడతాం, బియ్యం అమ్మాక తగ్గిస్తాం. పేరుకి స్వల్పకాలిక రుణం, కానీ అది పూర్తిగా సున్నా అయిన రోజు నాకు గుర్తు లేదు. ఒక ఏడాది స్టాక్ స్టేట్‌మెంట్ ఆలస్యమైందని రెన్యువల్ ఆపారు. పది రోజులు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. కమర్షియల్ పేపరూ ఆ జాతిదే. అమెరికాలో మామూలుగా 270 రోజులు దాటదు, పాతది తీర్చడానికి కొత్తది రాస్తారు. 2008లో అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ పడిపోయాక ఆ మార్కెట్టే బిగుసుకుపోయింది.

అమలాపురం ఆడిటర్:
ఆయ్, ఒక్క నిమిషం అండి. అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు.

ఆ 1,091 కోట్లు కొత్త అప్పు కాదు. ఎప్పుడో తీసుకున్న దీర్ఘకాలిక బాండ్లకి ఆఖరి ఏడాది వచ్చింది, అందుకని దీర్ఘకాలిక అప్పుల వరసలోంచి ఏడాదిలోపు తీర్చాల్సిన వాటి వరసలోకి వచ్చాయి. మన దగ్గరా అంతే. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి వాయిదాల్ని స్వల్పకాలిక రుణాల కిందే చూపాలని కంపెనీల చట్టం షెడ్యూల్ 3 మార్చారు. రూపాయి కొత్త అప్పు చెయ్యని కంపెనీకి కూడా ఆ అంకె ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది. క్లయింట్లకి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

అసలు చూడాల్సింది సరుకిచ్చిన వాళ్లకి ఇవ్వాల్సిన 6,896 కోట్లు. పై రెండు అప్పులూ కలిపినదానికి మూడింతలు పైనే. దాన్ని అప్పని ఎవరూ అనరు. గోడౌన్‌లో సరుకు 729 కోట్లదే. అంటే ఫోను అమ్ముడై డబ్బు చేతికొచ్చాక విడిభాగాల వాళ్లకి కడుతున్నారు. ఇంకోటి, 9,148 కోట్ల సెక్యూరిటీలు దీర్ఘకాలిక ఆస్తుల వరసలో ఉన్నాయి. మీ నాన్నగారు చూసిన 15,299లో అవి లేవు.

చెరువుగట్టు, భీమవరం:
ఆడిటరు గారు అప్పని ఎవరూ అనరన్నది మాకు మేత డీలరు దగ్గరుంది. చెరువులో వనామీ రొయ్యపిల్ల వదిలిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా మేత అరువే. కౌంటు బాగా వచ్చిన పంటకి ఆ బాకీ ఊసే రాదు, రొయ్యలు అమ్మిన రోజే తీరిపోతుంది. నలభయ్యో రోజున తెల్లమచ్చ తెగులు తగిలిందనుకోండి. ఉన్న చిన్న రొయ్యల్ని దొరికిన రేటుకి పట్టేస్తాం. చెరువు ఖాళీ, మేత బిల్లు మాత్రం ఒక్క కేజీ తగ్గదు. తర్వాతి పంటకి డీలరు అరువూ ఇవ్వడు.

అందుకని నా లెక్కలో ఆ 997 కోట్లు చిన్న విషయం. అమ్మకాలు పెరిగినన్నాళ్లూ పాత బిల్లుల్ని కొత్త అమ్మకాలు తీరుస్తాయి. తగ్గడం మొదలైతే పాత పెద్ద బిల్లులు కట్టాలి, చేతికొచ్చేదేమో చిన్నదవుతుంది.

అమలాపురం ఆడిటర్:
ఒప్పుకుంటాను. కానీ ఆ ఒక్క ఏడాదిలో వ్యాపారం మీద వచ్చిన నగదు 11,825 కోట్లండీ.

గూడెం మిల్లు:
నా ప్రశ్నా అదే! అంత డబ్బొస్తుంటే 5 శాతం వడ్డీకి పేపర్ రాయడం దేనికి? ఆ ఏడాది సొంత షేర్లు తిరిగి కొనడానికే సుమారు 9,495 కోట్లు పెట్టారు. పేపర్ మీద తెచ్చిన డబ్బు డివిడెండ్లకీ షేర్ల కొనుగోలుకీ కూడా వాడతామని కంపెనీయే రాసుకుంది. నేను ధాన్యం కోసం అప్పు చేస్తాను. వీళ్లు పంచిపెట్టడానికి చేస్తున్నారు.

అమలాపురం ఆడిటర్:
ఎఫ్‌డీ ఉంది, మూడు నెలల కోసం డబ్బు కావాలి. ఎఫ్‌డీ విరగ్గొడతారా, దాని మీద లోను తీసుకుంటారా?

గూడెం మిల్లు:
షేర్లు కొనడానికైతే రెండూ చెయ్యను.

రావులపాలెం వడ్డీలెక్క:
ఇదంతా ఆపిల్ సైజుకి చెల్లుతుంది. ఇక్కడ చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీ షేరు కొంటూ ఇదే వాదన తెచ్చుకుంటే మునుగుతారు. విడిభాగాలు అరటిగెలల్లాంటివి, నిలవుంటే రేటు పడిపోతుంది. సీసీలో ఎంత వాడుకోవచ్చన్నది స్టాకూ రావలసిన బాకీలూ చూసే బ్యాంకు లెక్కగడుతుంది కాబట్టి, స్టాకు విలువ పడితే సరిగ్గా డబ్బు అవసరమైన రోజే లిమిట్ తగ్గుతుంది. పైగా సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర సరుకు తీసుకుని ఒప్పందం ఉంటే 45 రోజులు, లేకపోతే 15 రోజులు దాటించారా, డబ్బు కట్టేదాకా ఆ ఖర్చుకి ఆదాయపు పన్నులో మినహాయింపు రాదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) సెక్షన్‌గా 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అమల్లోకి వచ్చింది. సప్లయర్ల డబ్బుతో నెట్టుకొచ్చే కిటుకు ఇక్కడి చిన్న కంపెనీకి అంత తేలిక కాదు. నేనైతే అమ్మకాలు కదలకుండా స్టాకూ బ్యాంకు అప్పూ రెండూ పెరుగుతున్న కంపెనీ జోలికి పోను.

పాలకొల్లు కుర్రాడు:
అన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. ఎఫ్‌డీ మాటకి తలూపలేదు. మేత డీలరు మాట దగ్గర ఆగి, "ఆ 6,896 ఒక పక్కన రాసిపెట్టు, వచ్చే లెక్కలో అదీ అమ్మకాలూ ఏమయ్యాయో చూపించు" అన్నారు. ప్రస్తుతానికి అమ్మట్లేదు. కొత్తవి కొనడానికి ఒప్పుకోలేదు.

గూడెం మిల్లు:
మిల్లు షెడ్డుకి రేకులు కావాలి. అరవై రోజుల అరువిస్తారేమో నాన్నగారిని అడగండి.

పాలకొల్లు కుర్రాడు:
పక్కనే ఉన్నారండి. నవ్వుతున్నారు గానీ, అడ్వాన్సు ఎంత పంపుతారో కనుక్కోమంటున్నారు.