ప్రోగ్రామింగ్ రాని గుమస్తా చేసిన లెక్కల ప్రోగ్రాం పక్క కొట్లకు ఇవ్వవచ్చా?

మిర్చి గుమస్తా:
గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో పంతొమ్మిదేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. చదివింది బీకాం. 2025 సంక్రాంతి వెళ్లాక చాట్‌జీపీటీకి మా పద్ధతంతా తెలుగులోనే చెప్పాను: టిక్కీలు (మిర్చి బస్తాలు), కాటా తూకం, కమీషన్, హమాలీ, రైతు బాకీ మీద నూటికి రెండు రూపాయల వడ్డీ. నాలుగు రాత్రుల్లో పట్టీ, అంటే రైతుకిచ్చే లెక్క చీటీ, వేసే ప్రోగ్రాం తయారైంది.

ఏప్రిల్ 30న ఒక రైతు పట్టీ చూసి, "ఉగాది వెళ్లాక తీసుకున్న అరవై వేలకు ఇంత వడ్డీ ఏమిటయ్యా?" అన్నాడు. ఆయన తీసుకున్నది ఏప్రిల్ 2న. నేను 02/04 అని కొడితే ప్రోగ్రాం ఫిబ్రవరి 4 అనుకుంది. 28 రోజులకు 1,120 రూపాయలు రావలసింది, 85 రోజులకు 3,400 పడింది. తేదీ 12 దాటితే సరిగ్గానే వస్తోంది. 10/03ని అక్టోబరు అనుకుని వడ్డీ సున్నా వేసిన రైతులేమో నోరు విప్పలేదు, నేనూ చూసుకోలేదు.

తేదీ సరిచేయించాను. ఇప్పుడు పక్క కొట్ల వాళ్లు అడుగుతున్నారు. ఇవ్వమంటారా?

పాత కోబాల్:
అది అమెరికా తేదీ: ముందు నెల, తరవాత రోజు. పదమూడో నెల లేదు కనుక అక్కడ తిప్పి చదువుకుంది. ఈ గోతిలో నేనూ పడ్డాను. 1959లో కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష రూపొందించినప్పుడు, ఇంగ్లీషు వాక్యాల్లా ఉంటుంది కనుక మేనేజర్లే చదువుకుంటారనుకున్నారు. చివరికి మాలాంటి ప్రోగ్రామర్లకు జీతాలిచ్చి రాయించుకున్నారు. 1979లో విజికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం వచ్చాక లెక్కల వాళ్లు తమ పట్టికలు తామే కట్టుకున్నారు. మీరు ఆ కోవ. కానీ పక్క కొట్లో తప్పు పడితే ఎవరు చూస్తారు? ముందు పాత చేతిరాత పట్టీలు ఇరవై ప్రోగ్రాంలోకి దించి సరిచూడండి.

టెస్టర్ అమ్మాయి:
ఏడాది మారే తేదీలు, ఫిబ్రవరి 29 కూడా వేసి చూడండి. అన్నట్టు, ఆ రైతుకు 2,280 వెనక్కి ఇచ్చారా?

మిర్చి గుమస్తా:
అప్పుడే ఇచ్చామమ్మా, కాఫీతో సహా. తక్కువ పడ్డవాళ్లను అడగవద్దన్నారు మా షావుకారు. నిన్న రాత్రి 2019 పట్టీలు ఇరవై దించాను. పంతొమ్మిది పైసాతో సహా సరిపోయాయి. ఒకదాంట్లో వంద రూపాయలు తేడా. మూడుసార్లు కూడి చూశాను. తప్పు నా చేతిరాతదే, రైతుకు వంద తక్కువ వేశాను. ఆయనది నరసరావుపేట వైపు ఊరు. ఫోను నంబరు వెతుకుతున్నాను.