షిప్‌లో వాకీటాకీ పనిచేస్తుందా? వైజాగ్ నుంచి క్రూయిజ్ ఎక్కేవాళ్ల కోసం

లాసన్స్‌బే
వైజాగ్ క్రూయిజ్ టెర్మినల్ నుంచి ఎక్కుతున్నాం. మొత్తం పద్నాలుగు మందిమి, నాలుగు కేబిన్లు, అవి మూడు డెక్కుల్లో పడ్డాయి. తీరం దాటాక ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి వాకీటాకీలు కొందామని ఆలోచన. ఏ సెట్ కొనాలి, పోర్టు గేటు దగ్గర ఆపుతారా, అంత ఇనుము మధ్య అసలు వినపడుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

హామ్_సింహాచలం
ముందు కొనే సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ ఆ తర్వాతే. మామూలుగా దొరికే వాకీటాకీల్లో మన దేశంలో లైసెన్సు అక్కర్లేనివి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసేవి. 2018 నిబంధనల్లో ఈ ముక్కకి మినహాయింపు ఇచ్చారు. అందులో 12.5 కిలోహెర్ట్జ్ ఎడంతో 16 చానళ్లు పడతాయి. మొదటిది 446.00625, చివరిది 446.19375. లైసెన్సు అక్కర్లేదు గానీ సెట్‌కి ఈటీఏ, అంటే కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే పరికర ఆమోదం ఉండి తీరాలి. ఆ నంబరు పెట్టె మీదో, అమ్మేవాళ్ల పేజీలోనో కనపడకపోతే ఆ సెట్ వదిలేయండి. ఫ్రీక్వెన్సీ ఎంతో, ఆమోదం ఉందో లేదో చూపకుండా ఆన్‌లైన్లో అమ్మకూడదని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు కూడా తెచ్చింది.

రెండు రకాలు మాత్రం వద్దు. ఒకటి, అమెరికా నుంచి బంధువులు తెచ్చే సెట్లు. అవి 462, 467 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి, ఇక్కడ వాటికి మినహాయింపు లేదు. రెండోది, 136 నుంచి 174, 400 నుంచి 520 అని రాసి ఉండే ఐదు వాట్ల ప్రోగ్రామింగ్ సెట్లు, అంటే ఫ్రీక్వెన్సీ మనమే మార్చుకోగలిగేవి. "446లో పెట్టుకుని వాడతాం కదా" అంటారు. ఆమోదం సెట్‌కి ఇస్తారు, మీరు తిప్పుకున్న నంబరుకి కాదు. పైగా అదే సెట్ ఒక్క నొక్కుతో పోలీసుల చానల్లోకో ఓడల చానల్లోకో పోతుంది. పిల్లల చేతిలో అలాంటిది పెట్టకండి.

డెక్_మీద
అమెరికా సెట్ల మాట వచ్చింది కాబట్టి, షిప్‌లో అవి ఎందుకు ప్రమాదమో కూడా చెప్పుకుందాం. ఓడలో సిబ్బంది తమలో తాము మాట్లాడుకోవడానికి అంతర్జాతీయంగా కేటాయించిన ఫ్రీక్వెన్సీలు ఉన్నాయి: 457.525, 457.550, 457.575, అలాగే 467.525, 467.550, 467.575. అమెరికా ఫ్యామిలీ సెట్లో ఎనిమిదో చానల్ 467.5625. చూశారా, సిబ్బంది వాడే రెండు ఫ్రీక్వెన్సీల సరిగ్గా నడిమధ్యన పడుతుంది. తాళ్లు కట్టేటప్పుడు, అగ్నిమాపక డ్రిల్ అప్పుడు బ్రిడ్జి, అంటే ఓడ నడిపే గది నుంచి వచ్చే మాట మీద మీ పిల్లాడి "హలో హలో" వెళ్లి పడితే ఏమవుతుందో ఆలోచించండి. చాలా కంపెనీలు రేడియో సెట్లని నిషేధిత వస్తువుల జాబితాలో పెట్టడానికి ఇదో బలమైన కారణం.

అందుకే టికెట్ నిబంధనల్లో ఆ జాబితా తెరిచి చూడండి. వాకీటాకీ పేరు లేకపోయినా కంపెనీకి మెయిల్ పెట్టి, ఫ్రీక్వెన్సీ, వాట్లు, ఎన్ని సెట్లు అన్నది రాసి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఆ జవాబు ప్రింటు చేతిలో ఉంటే గేటు దగ్గర మాట తేలిక. వద్దన్నారంటే ఇక ఆ ఆలోచన మానుకోండి, దాచి తీసుకెళ్లొద్దు.

లాసన్స్‌బే
సరేనండీ, 446 సెట్, ఈటీఏ, కంపెనీ అనుమతి. మూడూ రాసుకున్నాను. ఇప్పుడు అసలు సంగతి. పెట్టె మీద "10 కిలోమీటర్లు" అని వేశారు. ఓడ అంత పొడవు కూడా ఉండదు కదా?

హామ్_సింహాచలం
ఆ పది కిలోమీటర్లు భూమి వంపు లెక్క. ఇద్దరు మనుషులు నిలబడి, నోటి ఎత్తు మీటరున్నర అనుకుంటే, మధ్యలో ఏ అడ్డూ లేని చదునైన చోట రేడియో తరంగానికి హద్దు ఇంచుమించు పది కిలోమీటర్లే. బీచ్‌లో ఇటు ఒకరు అటు ఒకరు నిలబడితే ఆ మాటకి అర్థం ఉంటుంది. 2022లో వైజాగ్ నుంచి తిరిగిన ఎంప్రెస్ ఓడ పొడవు దాదాపు 211 మీటర్లు. ఆ 211 మీటర్లలోనే ఎన్ని ఇనప గోడలుంటాయో లెక్కపెట్టుకోండి.

446 దగ్గర తరంగం పొడవు 67 సెంటీమీటర్లు. ఇనప రేకులోంచి అది దూరదు. తలుపులు, మెట్ల దారి, లిఫ్టు ముందుండే ఖాళీ, కిటికీలు, వీటిలోంచి పారుతుంది. నీళ్లు పల్లం వెతుక్కున్నట్టు ఇది సందు వెతుక్కుంటుంది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒక సెట్ ఆన్ చేసి, సౌండ్ పెంచి ఇనప బీరువాలో పెట్టి తలుపు వేయండి. పక్క గదిలోంచి మాట్లాడితే తలుపు అంచు సందుల్లోంచి తరంగం దూరి, లోపలి సెట్ మోగుతూనే ఉంటుంది. ఇప్పుడు మాట్లాడుతూ వీధి చివరికి నడవండి, బీరువా దగ్గర ఒకరిని వినమనండి. ఎక్కడ మాట తెగిందో గుర్తుపెట్టుకోండి. బీరువా తెరిచి మళ్లీ అంతే దూరం నడవండి. ఆ రెండు దూరాల మధ్య తేడాయే ఓడలో మీకు ఎదురయ్యేది. పది మాటలు చెప్పేకంటే ఇది ఒక్కసారి చేయించండి, ఇంట్లో అందరికీ అర్థమైపోతుంది.

డెక్_మీద
దానికి ఓడలో చోట్లు జోడిస్తాను. ఒకే డెక్ మీద పొడవాటి కారిడార్లో ఆ కొసకీ ఈ కొసకీ బాగా వినపడుతుంది, రెండు ఇనప గోడల మధ్య తరంగం గొట్టంలో పోయినట్టు పోతుంది. ఒకే వైపు బాల్కనీ కేబిన్లు రెండైతే బాల్కనీలోకి వచ్చి మాట్లాడుకోవచ్చు. ఒకటి ఎడమ వైపు, ఒకటి కుడి వైపు అయితే మధ్యలో ఓడ మొత్తం అడ్డం. పై నుంచి కిందికి మాట రావాలంటే ఇద్దరూ మెట్ల దగ్గరికో నడిమి హాలు దగ్గరికో రావాలి. కేబిన్ బాత్రూమ్ ఇనప పలకలతో ముందే చేసి బిగించిన పెట్టె, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇంకోటి. మెట్ల దగ్గర మంటలు పాకకుండా ఆపే తలుపులు మామూలుగా అయస్కాంతంతో గోడకి అతుక్కుని తెరిచి ఉంటాయి. డ్రిల్ అప్పుడు అవన్నీ మూసుకుంటాయి. అంతవరకూ బాగా వినపడిన చోట ఒక్కసారిగా గరగర వస్తే సెట్ చెడిపోయిందని కంగారు పడకండి, తలుపు పడిందేమో చూడండి.

మాట వచ్చీ రానట్టు ఉంటే ఒక అడుగు పక్కకి జరిగి మళ్లీ నొక్కండి. గోడలకి కొట్టుకుని వచ్చిన తరంగాలు కొన్ని చోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 67 సెంటీమీటర్లలో నాలుగో వంతు, అంటే జానెడు జరిగినా ఆ గుంట దాటేస్తారు. అక్కడే నిలబడి గట్టిగా అరిస్తే లాభం లేదు.

పెదవాల్తేరు
మెట్ల ఎదురుగా మధ్య డెక్కులో ఒకరిని కూర్చోబెట్టి, పైవాళ్ల మాట కిందికి, కిందివాళ్ల మాట పైకి చెప్పిస్తే మూడు డెక్కులూ అందుతాయి. భోజనాల వేళకి ముందు ఓ పావుగంట చాలు.

లాసన్స్‌బే
సెట్ చేసుకోవడం ఎలాగండీ? "38 ప్రైవసీ కోడ్‌లు" అని ఉంది. పెడితే వేరేవాళ్లు వినలేరా?

హామ్_సింహాచలం
వినగలరు. ప్రైవసీ అన్న పేరు చూసి మోసపోవద్దు. ఆ కోడ్ అంటే మీ మాట కింద సన్నగా పోయే ఒక హమ్ము, 67 నుంచి 250 హెర్ట్జ్ దాకా ఏదో ఒకటి. అదే హమ్ము వస్తేనే మీ సెట్ స్పీకరు తెరుస్తుంది. అంటే మీకు ఇతరుల గోల వినపడదు, అంతే. మీ మాట మాత్రం కోడ్ పెట్టని ప్రతివాడికీ వినపడుతుంది. కేబిన్ నంబర్లు, "గదిలో ఎవరూ లేరు" లాంటివి అందులో చెప్పకూడదు.

అన్ని సెట్లనీ ఒక బల్ల మీద పెట్టుకుని చేయండి. చానల్ 1 వద్దు, కొన్న ప్రతివాడూ దాని మీదే ఉంటాడు. 9 నుంచి 16 లోపు ఒకటి ఎంచుకోండి, కానీ పాత సెట్ ఏదైనా ఎనిమిది చానళ్లదే అయితే అందరూ 8 లోపే ఉండాలి. కోడ్ నంబరు అన్నింట్లో ఒకటే పెట్టండి. వేర్వేరు కంపెనీల సెట్లు కలిపితే ఇక్కడే తగువు: కోడ్ నంబరు ఒకటే అయినా హెర్ట్జ్ వేరే ఉండొచ్చు. పుస్తకంలో పట్టిక చూసి హెర్ట్జ్ కలపండి. వాక్స్, అంటే నొక్కకుండానే మాటకి తెరుచుకునేది, ఆపేయండి. డెక్ మీద గాలికే అది నొక్కుకుపోతుంది, మిగతావాళ్లెవరూ మాట్లాడలేరు. మాట చివర వచ్చే కూత కూడా ఆపేయండి. చివరగా కీ లాక్. పిల్లల జేబులో చానల్ మారిపోవడమే అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు.

మాట్లాడేటప్పుడు బటన్ నొక్కి, ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టాలి. ఎదుటి సెట్ హమ్ముని గుర్తుపట్టే లోపు మొదటి మాట మింగేస్తుంది. "రావద్దు, ఇక్కడే ఉండు"లో ముందు మాట పోయిందనుకోండి! నోటికి నాలుగు వేళ్ల ఎడం, గాలికి వీపు. "అమ్మమ్మా, బుజ్జిని, ఐదో డెక్కు మెట్ల దగ్గర ఉన్నాను, ఓవర్." ఇంత చాలు. రెండు సెట్లు పక్కపక్కన పెట్టుకుని మాట్లాడితే చెవులు చిల్లులు పడేలా కీచుమంటుంది, అది పాడైనట్టు కాదు.

గాజువాక_ఎలక్ట్రికల్
చార్జింగ్ గురించి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో వాడే ఎక్స్‌టెన్షన్ బోర్డు, ముఖ్యంగా సర్జ్ ప్రొటెక్టర్ (ఓల్టేజీ ఒక్కసారిగా ఎగిస్తే కాపాడేది) ఉన్నది పట్టుకెళ్లకండి, తీసేసుకుంటారు. కారణం ఉంది. ఇంట్లో న్యూట్రల్‌ని భూమికి కలుపుతాం. చాలా ఓడల కరెంటు లైన్లలో అలా కలపరు, రెండు తీగల్లోనూ ఓడ బాడీకి ఓల్టేజీ ఉంటుంది. ఇంటి లెక్కన చేసిన సర్జ్ ప్రొటెక్టర్ అక్కడ వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. కేబిన్లో మామూలుగా 110, 220 ఓల్టుల సాకెట్లు ఉంటాయి, మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్ చాలా చోట్ల పట్టదు. సర్జ్ లేని, సన్న రెండు పిన్నుల యూఎస్‌బీ చార్జర్, నాలుగు పోర్టులది తీసుకోండి. సెట్లు కూడా యూఎస్‌బీతో ఎక్కేవే కొనండి.

బ్యాటరీ తగ్గినప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, నొక్కగానే ఆరిపోతుంది. మాట పంపడానికి కరెంటు ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి కదా. "వాళ్లు మాకు వినపడుతున్నారు, మేం వాళ్లకి వినపడట్లేదు" అంటే ముందు బ్యాటరీ చూడండి. విడి లిథియం బ్యాటరీలు ఉంటే కొసలకి టేపు వేసి చేతి సంచిలో ఉంచండి. రోజంతా ఆన్‌లో పెట్టొద్దు. గంట కొట్టగానే ఐదు నిమిషాలు అందరూ ఆన్ చేయాలని పెట్టుకుంటే ఒక చార్జి రెండు మూడు రోజులు లాగుతుంది.

ఉప్పుగాలికి చార్జింగ్ కొసలు పచ్చబడతాయి. రాత్రి పూట పొడి గుడ్డతో తుడవండి. సముద్రపు నీళ్లు పడితే వెంటనే ఆపేయండి. ఐపీ67, అంటే నీళ్లలో మునిగినా తట్టుకునే సెట్ అయితేనే, బ్యాటరీ, మూతలు బిగించి ఉండగానే మంచినీళ్లతో కడిగి, తుడిచి, ఆ తర్వాత బ్యాటరీ తీసి ఆరబెట్టండి.

యారాడ_కొండ
వైజాగ్ గురించి ప్రత్యేకంగా ఒకటి. మనది తూర్పు నౌకాదళ కేంద్రం. టెర్మినల్ నుంచి బయటికి వచ్చే దారిలో డాల్ఫిన్స్ నోస్, నేవీ ఓడలు, పోర్టు పైలట్ల రేడియో మాటలు, అన్నీ దగ్గర దగ్గర. ఓడ రేవు కాలువ దాటి బయటి సముద్రంలోకి వచ్చేదాకా సెట్లు ఆఫ్ చేసి సంచిలోనే ఉంచండి. 446లో ఉన్నాం కదా అని వాదించే చోటు అది కాదు. పైగా పై డెక్ ముప్పై మీటర్ల ఎత్తులో ఉంటే, ఇందాక చెప్పిన హద్దు పది నుంచి ఇంచుమించు ఇరవై ఏడు కిలోమీటర్లకి పెరుగుతుంది. కింద రెండు గోడలు దాటలేని సెట్ పైనుంచి నగరం మీదంతా పడగలదు.

గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ వాళ్ల స్కానర్లో సెట్లు కనపడతాయి. అన్నీ ఒకే సంచిలో, బిల్లు, ఈటీఏ కాగితం, కంపెనీ మెయిల్ పైనే పెట్టి, అడగకముందే చూపించండి. శాటిలైట్ ఫోన్ కానీ, శాటిలైట్ మెసేజ్ పంపే ట్రెక్కింగ్ పరికరం కానీ ఉంటే ఇంట్లోనే వదిలేయండి. అనుమతి లేకుండా అవి మన దేశంలో పట్టుబడితే కేసే. ఓడ వేరే దేశం రేవులో ఆగితే వాకీటాకీ కూడా కేబిన్లోనే ఉండాలి, మన మినహాయింపు మన గట్టు దాకే.

పెదవాల్తేరు
ఇంత చదివాక నా సలహా, వాకీటాకీ ఉన్నా లేకున్నా ఏర్పాటు నిలబడాలి. ఫోన్లు ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్, ఆ తర్వాత వైఫై మాత్రమే. లేకపోతే ఓడలో ఉండే శాటిలైట్ మొబైల్ నెట్‌వర్క్ తనంతట తనే పట్టుకుని రోమింగ్ బిల్లు వాచిపోతుంది. చాలా ఓడల యాప్‌లో ప్రయాణికులు ఒకరికొకరు మెసేజ్ పెట్టుకునే వీలుంటుంది, ఎక్కకముందే యాప్ దింపుకుని ఉచితమో కాదో చూసుకోండి. పెద్దవాళ్లకి కేబిన్ ఫోన్ నేర్పండి, ఒక కేబిన్ నుంచి ఇంకో కేబిన్‌కి మాట్లాడొచ్చు. కేబిన్ తలుపులు ఇనుపవి కాబట్టి అయస్కాంతం అతుకుతుంది. చిన్న పలక, పెన్ను పెడితే "స్విమ్మింగ్ పూల్ దగ్గర, నాలుగింటికి వస్తాం" అని రాసి పోవచ్చు, కేబిన్ ఖాళీ అని మాత్రం రాయకండి.

డెక్_మీద
ఏడు పొట్టి కూతలు, తర్వాత ఒక పొడుగు కూత వినపడితే మాత్రం ఎవరూ సెట్ ముట్టుకోకూడదు, ఎవరినీ వెతకడానికి పోకూడదు. ఎవరి మస్టర్ స్టేషన్‌కి, అంటే ప్రమాదంలో గుమిగూడాల్సిన చోటికి, వాళ్లు వెళ్లాలి. మూడు డెక్కుల కేబిన్లకి స్టేషన్లు వేరే వేరే పడొచ్చు. పిల్లలు ఏ స్టేషన్‌కి రావాలో, ఎవరితో ఉండాలో మొదటి రోజు డ్రిల్‌లోనే సిబ్బందిని అడిగి రాసుకోండి.

లాసన్స్‌బే
చాలా థాంక్సండీ అందరికీ. ఒక్కటి మిగిలింది. ఫిషింగ్ హార్బర్లో బోట్లకి వాడే వీహెచ్‌ఎఫ్ చేతి సెట్ తెలిసినాయన ఇస్తానంటున్నాడు. నీళ్లలో తేలుతుంది, ఇంకా గట్టిగా పనిచేస్తుందట.

హామ్_సింహాచలం
వద్దండీ. అది 156 మెగాహెర్ట్జ్ సెట్, లైసెన్సు ఉన్న ఓడకి, పడవకి మాత్రమే. దాని 16వ చానల్ 156.8, సముద్రంలో ప్రాణాపాయం వచ్చినవాడు సాయం కోసం పిలిచే చోటు, కోస్ట్‌గార్డ్ ఎప్పుడూ వింటూ ఉంటుంది. పిల్లలు పొరపాటున దాని మీద నొక్కిపట్టుకుంటే ఎవరి కేకో వినపడకుండా పోతుంది. తేలడమే కావాలంటే 446 సెట్‌కి కెమెరాలకి కట్టే స్పాంజి పట్టీ కట్టండి. ముందు ఇంట్లో బకెట్ నీళ్ల మీద, సెట్ బరువుకి సమానమైన రాయి కట్టి చూడండి, పట్టీ మునిగితే పెద్ద సైజు తెచ్చుకోవాలి.