పికప్ వెనుక లైట్లకు చాసిస్ ఎర్త్ చాలా, బ్యాటరీ నుంచి విడి ఎర్త్ వైరు లాగాలా?

ఆక్వా రవాణా (భీమవరం):
మా ఒకటిన్నర టన్నుల పికప్ కొన్నేళ్లుగా రొయ్యల చెరువుల నుంచి ప్రాసెసింగ్ ప్లాంట్లకు ఐసు పెట్టెలు మోస్తోంది. ఈ మధ్య రాత్రిపూట పార్కింగ్ లైట్లు వేసి బ్రేకు తొక్కితే వెనుక రెండు వైపులా వెలుగు దాదాపు పెరగడం లేదు. వెనుక వచ్చేవారికి బ్రేకు వేసినట్టే తెలియదు. పైగా ఇండికేటరు వేస్తే దాని లయకు తగినట్టు బ్రేకు లైటు కూడా మినుకుమంటోంది. బల్బులు మార్చాము, ఫ్యూజు బాగుంది. ఎర్త్ (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి చేరే దారి) లోపమని ఇద్దరు ఎలక్ట్రీషియన్లూ ఒప్పుకున్నారు కానీ పరిష్కారం దగ్గర విడిపోయారు. చాసిస్‌ను, అంటే బండి ఉక్కు చట్రాన్ని, నమ్మకుండా బ్యాటరీ మైనస్ నుంచి వెనుక దాకా విడిగా ఒక వైరు లాగాలని ఒకరు, ఎర్త్ బోల్టు విప్పి గీకి బిగిస్తే చాలని మరొకరు అన్నారు. ఫిట్‌నెస్ గడువు దగ్గర పడుతోంది కనుక ఒకసారి చేసిన పని మళ్లీ చేయకుండా ఉండాలని నా కోరిక.

ఆటో ఎలక్ట్రీషియన్ (రాజమహేంద్రవరం):
విడి వైరే లాగండి. సముద్రపు గాలి తగిలే బండ్లలో, ముఖ్యంగా చేపలు, రొయ్యలు మోసే వాటిలో, ఐసు కరిగిన ఉప్పునీరు బాడీ కింది నుంచి కారి ప్రతి బోల్టునూ తినేస్తుంది. ఈ రోజు గీకి బిగించిన చోట మళ్లీ వానాకాలానికి తుప్పు కనిపిస్తుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల మంచి రాగి వైరును గొట్టంలో పెట్టి బ్యాటరీ మైనస్ నుంచి రెండు బల్బు హోల్డర్లకూ ఇస్తే తుప్పుతో మనకు పని ఉండదు. నా దగ్గరకు వచ్చే ఆక్వా బండ్లన్నిటికీ ఇలాగే చేస్తాను, అవే బండ్లు అదే ఫిర్యాదుతో తిరిగి రావు.

పాలిటెక్నిక్ అధ్యాపకుడు (వరంగల్):
తిరిగి రావన్న మాటను కాదనను కానీ అందుకు మీరు చెప్పే కారణం సరికాదు. చాసిస్ బలహీనమైన వాహకమనే ఊహ మీద మీ వాదన నిలబడింది, కాబట్టి లెక్క చూద్దాం. ఉక్కు నిరోధకత రాగి కంటే సుమారు ఎనిమిది నుంచి పది రెట్లు ఎక్కువ. అయితే చాసిస్ పట్టె అడ్డుకోత వెయ్యి చదరపు మిల్లీమీటర్లు అనుకున్నా, ఐదు మీటర్ల పొడవుకు దాని నిరోధం ఒక మిల్లీఓమ్‌కు కూడా చేరదు. అదే పొడవున 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు నిరోధం సుమారు 37 మిల్లీఓమ్‌లు. అంటే తుప్పుకు భయపడి మనం వేసే కొత్త వైరు చాసిస్ కంటే నలభై, యాభై రెట్లు ఎక్కువ అడ్డు. లోపం సాధారణంగా లోహంలో కాదు, లోహాలు కలిసే అతుకుల దగ్గర ఉంటుంది.

ఈ లక్షణం ఎందుకు వస్తుందో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది స్విచ్చులూ రిలేలూ మారుస్తూ డబ్బు పోగొట్టుకుంటారు. వెనుక వాడే రెండు ఫిలమెంట్ల బల్బులో పార్కింగుకు 5 వాట్లు, బ్రేకుకు 21 వాట్లు; రెంటి ఎర్త్ బల్బు తొడుగే. ఎర్త్ బలహీనమైతే 5 వాట్ల ఫిలమెంటు తీసుకునే అర ఆంపియరు లోపు కరెంటు ఎలాగోలా దాటుతుంది, లైటు కొంచెం మందంగా వెలిగినా ఎవరూ పట్టించుకోరు. బ్రేకు తొక్కగానే బల్బుకు మరో ఒకటిముప్పావు ఆంపియరు అదే ఇరుకు దారిలో పడేసరికి అక్కడే వోల్టేజి పోతుంది. ఎర్త్ పూర్తిగా తెగితే చిత్రం ఇంకా వింతగా ఉంటుంది: పార్కింగ్ స్విచ్చు వేయకపోయినా, బ్రేకు ఫిలమెంటు గుండా వచ్చిన కరెంటు అదే బల్బులోని పార్కింగ్ ఫిలమెంటు మీదుగా వెనక్కి నడిచి, ముందరి పార్కింగ్ లైట్ల దగ్గర ఎర్త్ వెతుక్కుంటుంది, బ్రేకు తొక్కితే ముందు లైట్లు మసకగా వెలుగుతాయి. ఇందులో దయ్యం లేదు, స్విచ్చు దోషమూ లేదు.

వైరు లాగే ముందు ఒక కొలత తీసుకోండి. మల్టీమీటరును 20 వోల్టుల డీసీలో పెట్టి, నల్ల తీగను బ్యాటరీ మైనస్‌కు ఆనించి (పొడవు చాలకపోతే వేరే వైరు కలపవచ్చు), పార్కింగ్ వేసి బ్రేకు తొక్కించి, ఎర్ర తీగతో వరుసగా హోల్డరు తొడుగు, ఎర్త్ థింబుల్ (వైరు కొసన బోల్టుకు తగిలించే లోహపు ముక్క), లోడ్ బాడీ (సరుకు పెట్టే వెనుక భాగం) రేకు, చాసిస్ తాకండి. అంతటా 0.2 వోల్టుల లోపు ఉండాలి. ఎక్కువ చూపుతున్న అంకె ఏ రెండు చోట్ల మధ్య పడిపోతుందో అక్కడే జబ్బు. లైట్లు వెలుగుతున్నప్పుడే కొలవాలి సుమా. కరెంటు పారని వైరు ఒక్క పోగు మీద వేలాడుతున్నా మీటరు దాన్ని ఆరోగ్యంగానే చూపిస్తుంది.

ట్రావెల్స్ యజమాని (కర్నూలు):
ఇంత శ్రమ దేనికి, ఎల్ఈడీ బల్బులు వేస్తే కరెంటు పదోవంతు కూడా పట్టదు, బలహీనమైన ఎర్త్‌తోనే నడిచిపోతాయి కదా?

పాలిటెక్నిక్ అధ్యాపకుడు (వరంగల్):
నడుస్తాయి, అదే ప్రమాదం. లోపం కనబడకుండా పోయి పెరుగుతూనే ఉంటుంది. ఇండికేటరుకు ఎల్ఈడీ వేస్తే, దాన్ని మినుకుమనిపించే పాత ఫ్లాషరు బల్బు పోయిందనుకుని వేగంగా కొట్టుకుంటుంది. దాన్ని మోసగించడానికి 6 ఓమ్‌ల లోడ్ రెసిస్టరు కలిపితే వెలిగినంతసేపూ అది పాతిక వాట్ల వేడిని కక్కుతుంది. ఆదా ఎక్కడ?

తెలుగువాడు (టెక్సాస్):
ఇక్కడ పికప్ వెనుక ట్రెయిలర్ కట్టుకునే అలవాటు ఎక్కువ కనుక ఇదే వాదం తరచుగా వింటాను. నాలుగు పిన్నుల ట్రెయిలర్ కప్లర్‌లో గోధుమ రంగు పార్కింగుకు, పసుపు ఎడమకు, ఆకుపచ్చ కుడికి, తెలుపు ఎర్త్‌కు. తెల్ల వైరు తెగినా హిచ్ బంతి (ట్రెయిలర్‌ను తగిలించే ఇనుప గుండు) మీదుగా ఎర్త్ దొరికి లైట్లు వెలుగుతాయి కానీ బంతి కదిలినప్పుడల్లా మిణుకుతాయి. కదిలే లోహాన్ని ఎర్త్‌గా నమ్మకూడదన్నది నిజం. అయితే పికప్ చాసిస్ ముందు నుంచి వెనుక దాకా బిగుతైన చట్రం. ట్రెయిలర్‌కు వర్తించే న్యాయం దానికి వర్తించదు. మీ బండి లోడ్ బాడీ దేని మీద కూర్చుని ఉందో మాత్రం ఒకసారి చూడండి.

ఆక్వా రవాణా (భీమవరం):
అధ్యాపకుడు గారు చెప్పినట్టే కొలిచాము. హోల్డరు తొడుగు దగ్గర 5.8 వోల్టులు, లోడ్ బాడీ రేకు మీద 5.6, చాసిస్ మీద 0.05. ఎడమ వైపు కూడా ఇంచుమించు ఇవే అంకెలు. మా లోడ్ బాడీ కంపెనీది కాదు, బయట కట్టించుకున్నది. చాసిస్‌కూ దానికీ మధ్య రబ్బరు పట్టీలు ఉన్నాయి, లైట్ల ఎర్త్ బాడీ రేకుకే బిగించారు.

పాలిటెక్నిక్ అధ్యాపకుడు (వరంగల్):
అయితే జబ్బు దొరికింది. బల్బుకు చేరుతున్నది ఇంచుమించు సగం వోల్టేజే, ఫిలమెంటు బల్బు వెలుగేమో వోల్టేజి కంటే చాలా వేగంగా, సుమారు దాని మూడున్నరో ఘాతంలో పడిపోతుంది కనుక మీ బ్రేకు లైటు ఉండాల్సిన వెలుగులో పదోవంతుకు అటూ ఇటూ ఇస్తోంది. పార్కింగ్ లైటుతో దానికి తేడా తెలియకపోవడం సహజం. చాసిస్ నిర్దోషి. రబ్బరు మీద కూర్చుని, తుప్పు పట్టిన నాలుగైదు బోల్టుల ద్వారా మాత్రమే చాసిస్‌ను తాకుతున్న లోడ్ బాడీని మనం చాసిస్ అనుకోవడమే పొరపాటు. హోల్డర్ల ఎర్త్ వైర్లను అక్కడి నుంచి విప్పి, అర మీటరు దూరంలో ఉన్న చాసిస్ పట్టెకు బిగించండి.

ఆటో ఎలక్ట్రీషియన్ (రాజమహేంద్రవరం):
కొలత కాదనను. కానీ చాసిస్ పట్టెకు బిగించే ఆ కొత్త బోల్టు కూడా ఉప్పునీటిలోనే ఉంటుంది కదా? బ్యాటరీ దగ్గర నీరు చేరదు. అందుకే ఇప్పటికీ నేను బ్యాటరీ దాకా వెళ్లడమే మేలంటాను.

పాలిటెక్నిక్ అధ్యాపకుడు (వరంగల్):
బ్యాటరీ దాకా వెళ్తే వచ్చే అసలు ముప్పును ఎవరూ ఇంకా ప్రస్తావించలేదు. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజనుకూ చాసిస్‌కూ వెళ్లే లావు కేబులు ఎప్పుడైనా వదులైతే, స్టార్టరు లాగే వందల ఆంపియర్లు బ్యాటరీకి తిరిగి చేరడానికి మిగిలే దారి మీరు వేసిన ఈ సన్నని వైరే, ఎందుకంటే హోల్డరు తొడుగు ఎలాగూ బాడీని తాకుతూ ఉంటుంది. ఎర్త్ వైరుకు ఫ్యూజు ఉండదు కనుక ఆ వైరు పొడవునా కాలి, పక్కనున్న డీజిల్ పైపు దాకా మంట పోగలదు. ఫ్యూజు పెడదామంటారా, అది కాలిన రాత్రి బండికి వెనుక ఒక్క లైటూ ఉండదు.

బాడీ బిల్డర్ (విజయవాడ ఆటోనగర్):
బాడీలు కట్టేవాడిగా ఒక మాట. రబ్బరు పట్టీలు మేము కావాలనే వేస్తాం, లేకపోతే చాసిస్ మెలికలకు బాడీ చీలుతుంది. చేయాల్సిందల్లా బాడీకీ చాసిస్‌కూ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి వేయడం, లైట్ల ఎర్త్‌ను నేరుగా చాసిస్‌కు ఇవ్వడం. చాలా షాపుల్లో తొందరలో రెండూ వదిలేస్తారు. ఇంకొకటి: బయటి షాపుల్లో అసలు వైరింగు కోసి మెలిపెట్టి టేపు చుడతారు, ఆ టేపు లోపల నీరు నిలిచి వైరు లోపలి దాకా చిలుము పట్టి నల్లబడుతుంది. అలాంటి ముక్కను కోసి పారేయాలి, గీకితే లాభం లేదు. అతుకుకు సోల్డరింగ్ వద్దు, క్రింపింగ్ (సాధనంతో లోహపు తొడుగును వైరు మీద నొక్కి బిగించడం) చేసి జిగురున్న స్లీవు వేడితో ముడవండి. సోల్డరు పోగుల్లోకి పాకి ఆగిన చోట వైరు గట్టిపడి, బండి ఊపుకు సరిగ్గా అక్కడే విరుగుతుంది.

ఆటో ఎలక్ట్రీషియన్ (రాజమహేంద్రవరం):
కాలిపోయే వైరు సంగతిలో అధ్యాపకుడు గారిదే పైచేయి, ఇక మీదట చాసిస్‌కే ఇస్తాను. సోల్డరింగ్ సంగతి ఒప్పుకోను. క్రింపింగ్ సాధనం ఉన్న షాపులు మన దగ్గర ఎన్ని? కటింగ్ ప్లయర్‌తో నొక్కిన థింబుల్ కంటే, అతుకుకు రెండు వైపులా వైరును కట్టి ఊగకుండా చేసిన సోల్డరింగే ఎక్కువ కాలం నిలుస్తుంది.

బాడీ బిల్డర్ (విజయవాడ ఆటోనగర్):
సాధనం కొనుక్కోవాలి కానీ అది లేదని పద్ధతిని తప్పుపట్టకూడదు. సోల్డరు అంటించిన పోగుల మీద క్రింపింగ్ మాత్రం ఎవరూ చేయకండి; సోల్డరు మెత్తనిది, ఒత్తిడికి క్రమంగా జరిగి థింబుల్ వదులవుతుంది.

ఆక్వా రవాణా (భీమవరం):
చాసిస్ పట్టెకు ఏ చోట బోల్టు వేయమంటారు? రంధ్రం కొత్తగా వేయవచ్చా?

ఆటో ఎలక్ట్రీషియన్ (రాజమహేంద్రవరం):
చాసిస్‌లో కొత్త రంధ్రం వద్దు, వెనుక అడ్డపట్టె దగ్గర ఖాళీగా ఉన్న రంధ్రమేదైనా దొరుకుతుంది. పట్టె లోపలి వైపు, ఐసు నీరు కారే గీతకు దూరంగా ఉన్నదాన్ని ఎంచుకోండి. రంగును ఎమరీ కాగితంతో మెరిసే లోహం వచ్చేదాకా తీసి, పళ్ల వాషరు వేసి బిగించాక, పైన వ్యాజిలిన్ దట్టంగా పూయండి, బిగించకముందు కాదు. రెండు హోల్డర్లకూ వేర్వేరు వైర్లు తెచ్చి వేర్వేరు బోల్టులకు ఇవ్వండి, ఒకటి వదులైనా రెండో వైపు వెలుగుతుంది. తర్వాత మళ్లీ కొలిచి అంకె ఇక్కడ పెట్టండి. నంబరు ప్లేటు లైటు ఎర్త్ కూడా బాడీకే ఉంటే దాన్నీ మార్చండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 105వది వెనుక ఎర్ర దీపాలతో పాటు దాన్నీ అడుగుతుంది, ఫిట్‌నెస్ దగ్గర చాలామంది ఆ చిన్న బల్బు దగ్గరే ఆగిపోతారు.